ఏ తేదీ ట్యాంకు?

1971 డిసెంబరు యుద్ధంలో తీసిన మన టి-55 ట్యాంకుల ఫోటోలను కాస్త ఆగి చూడండి. ఫిరంగి గొట్టం కొసన ఒక ఉబ్బు ఉంటుంది, నడుమ ఇంకొకటి ఉంటుంది. కొసన ఉన్నది అసలుది. గుండు వెళ్లిపోయాక గొట్టంలో మిగిలిన పొగ వెనక్కి తిరిగి పైన తిరిగే టరెట్‌లోని మనుషుల మీదికి రాకుండా బయటికి తోసేది అదే. నడుమ ఉన్నది ఏ పనీ చెయ్యదు. పైన తొడిగిన ఉత్త డొల్ల.

ఎందుకు తొడిగారంటే, అవతలివాళ్ల దగ్గరున్న చైనా టి-59, మన టి-55 రెండూ రష్యావాళ్ల టి-54 వంశంలోవే. దుమ్ములో, పొద్దుగూకే వెలుగులో, కిలోమీటరు అవతల నుంచి ఏది మనదో ఏది వాళ్లదో పోల్చుకోవడం కష్టం. మన సెంచూరియన్, విజయంత ట్యాంకులకు ఆ పొగ పరికరం గొట్టం నడుమ ఉంటుంది. టి-55కు కూడా అక్కడ ఒక దొంగ ఉబ్బు పెడితే, మనవాడు తొందరపడి మనవాణ్ణే కాల్చే ప్రమాదం తప్పుతుంది.

ఇప్పుడు ఆ ట్యాంకుకు చిన్న మోడల్ చెయ్యాలనుకునేవాడి సంగతి ఆలోచించండి. టి-55 కిట్టు తెచ్చుకుంటాడు. రష్యా డ్రాయింగులు సంపాదిస్తాడు. చక్రాల మధ్య దూరాలు, బోల్టులు, పొగ పరికరం అన్నీ డ్రాయింగులో ఉన్నట్టే దించుతాడు. కొలత ఒక్కటీ తప్పదు. అయినా అది 1971లో మన కుర్రాళ్లు ఎక్కిన ట్యాంకు కాదు. ఆ డొల్ల లేకుండా అది ఎవరి ట్యాంకో చెప్పలేం. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. తర్వాతి కాలంలో మన టి-55లకు రష్యా గొట్టం తీసేసి 105 మిల్లీమీటర్ల గొట్టం బిగించారు. దానికి నడుమ ఉన్న ఉబ్బు నిజంగా పనిచేసేదే. కొసన ఏమీ ఉండదు. ఆ ట్యాంకుని చూసి కొలిచి 1971 నాటి మోడల్ చేస్తే మళ్లీ తప్పే. ఒకే ట్యాంకు, ఒకే సైన్యం. రోజు మారితే నిజం మారింది.

అందుకే ట్యాంకు మోడల్ ముందు కూర్చునేవాణ్ణి నేను మొదట అడిగేది ఏ ట్యాంకు అని కాదు, ఏ తేదీ ట్యాంకు అని.

ఈ మాట అనేంత పట్టుదల నాకు పుస్తకాల నుంచి రాలేదు, కోయంబత్తూరు పాట్రన్ షాపుల నుంచి వచ్చింది. నాయక రాజుల వెనక దక్షిణానికి వచ్చి ఈ నల్లరేగడి నేలల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదొకటి. పత్తి పండించిన ఊళ్లే తర్వాత మిల్లులు పెట్టాయి, మిల్లులకు మరమ్మతు చేసిన షెడ్లే తర్వాత ఫౌండ్రీలయ్యాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్లు మొదలుపెట్టారు. పీలమేడు పి.ఎస్.జి. కుటుంబం 1926లో ధర్మసంస్థ పెట్టి చదువులకూ పనితనానికీ దారి వేసింది. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. ఆ తర్వాత ఈ ఊరు దేశానికంతా పంపుసెట్లూ మోటార్లూ చేసిపెట్టింది. ఈ కథ అందరూ చెబుతారు. అంతగా చెప్పనిది ఒకటుంది. ఆ మోటారు బాడీ, పంపు కేసింగు పోత పొయ్యాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని చెక్కలో చెక్కాలి. ఆ చెక్క రూపమే పాట్రన్. దాన్ని ఇసుకలో అదిమి తీసేస్తే మిగిలే ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. మా తాత ఆ పని చేశాడు, మా నాయన చేశాడు, నేనూ ఆ షెడ్డులోనే ఉలి పట్టడం నేర్చుకున్నాను.

పాట్రన్ పనివాడి దగ్గర ఉండే స్కేలు బజారులో దొరికే స్కేలు కాదు. దాన్ని కాంట్రాక్షన్ స్కేలు అంటారు. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. పోత ఇనుమైతే అడుగుకి సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు, పోత ఉక్కైతే పావు అంగుళం. కాబట్టి ఆ స్కేలు మీద అడుగు అసలు అడుగు కంటే ఆ మేరకు పెద్దదిగా ఉంటుంది. ఇనుముకొకటి, ఉక్కుకొకటి, అల్యూమినియానికొకటి. చిన్నప్పుడు నేను మామూలు స్కేలు పెట్టి ఒక పాట్రన్ కొలుస్తుంటే తాత నా చేతిలోంచి దాన్ని తీసుకుని, "చెక్క మీద కొలత సరిపోయిందంటే ఇనుములో తప్పినట్టేరా" అన్నాడు. డ్రాయింగులో ఉన్న అంకెని చెక్కలోకి దించడం పాట్రన్ పని కాదు. చివరికి రైతు బావి దగ్గర నిలబడే పంపు ఎలా ఉండాలో తెలుసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి ఆలోచించడం ఆ పని.

ట్యాంకు మోడళ్లు చేతికొచ్చినప్పుడు నాకు ఆ మాటే పనికొచ్చింది. సింగపూరులో ఉన్న మా మామ సెలవులకు వచ్చినప్పుడు టమియా కంపెనీ కిట్టు ఒకటి తెచ్చాడు. డబ్బా మీద ముప్పై అయిదో వంతు అని రాసి ఉంది. ఇంజనీరింగు డ్రాయింగుల్లో పదో వంతు, ఇరవయ్యో వంతు, యాభయ్యో వంతు చూసినవాణ్ణి, ఈ ముప్పై అయిదు ఎక్కడిదా అనుకున్నాను. కథ తర్వాత తెలిసింది. 1961లో జపాన్‌లో టమియావాళ్లు జర్మన్ పాంథర్ ట్యాంకుకు బొమ్మ చేస్తూ, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేంత పెద్దగా చేశారట. తర్వాత లెక్క చూసుకుంటే అది ముప్పై అయిదో వంతుకు దగ్గరగా వచ్చింది. ఆ బొమ్మ బాగా అమ్ముడుపోయింది. ప్రపంచంలో చాలా ట్యాంకు మోడళ్లకు ఆ బ్యాటరీలే కొలత పెట్టాయి. మొదట అలా మొదలైనా, ఆ కంపెనీకి చెందిన షున్‌సాకు టమియా ఆ తర్వాత అమెరికాలోని అబర్డీన్ ఆయుధ పరీక్షా మైదానానికి వెళ్లి అక్కడ నిలబెట్టిన ట్యాంకులను స్వయంగా ఫోటోలు తీసుకుని, కొలిచి, కిట్లు చేయించాడు. కారు మోడల్ కోసం పోర్షే కారు కొని విప్పించిన మనిషి ఆయన. ఆయన మీద నాకున్న గౌరవానికి కారణం అదే.

ముప్పై అయిదుతో భాగించడం మొదలుపెడితే, ఎంత భాగించినా సరిపోనివి ఎన్నో కనిపిస్తాయి. సెంచూరియన్ వెడల్పు 3.39 మీటర్లు. మోడల్‌లో 97 మిల్లీమీటర్లు, అంతవరకూ బాగుంది. ట్రాకుల పైనుండే రేకు మడ్‌గార్డు మందం మూడు మిల్లీమీటర్లనుకుందాం. మోడల్‌లో అది ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ప్లాస్టిక్కులో అంత పలచగా పోత పొయ్యలేరు కాబట్టి కిట్టులో ఒక మిల్లీమీటరు మందం ఇస్తారు. దాన్ని అలాగే అతికిస్తే మన సెంచూరియన్ మడ్‌గార్డు 35 మిల్లీమీటర్ల ఉక్కు పలక అయిపోతుంది. యుద్ధంలో చెట్టుకు రాసుకుని వంగి, చిరిగి, సగం ఊడి వేలాడే ఆ రేకు మోడల్‌లో కవచం కంటే గట్టిగా నిలబడుతుంది. దాన్ని తీసేసి పలచని ఇత్తడి రేకుతో చేసుకోవాలి. ఇక బరువు. సెంచూరియన్ దాదాపు 51 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ముప్పై అయిదో వంతుకి తగ్గితే బరువు 42,875వ వంతుకి తగ్గుతుంది. కిలో పైన ఇంకో రెండొందల గ్రాములు ఉండాలి. ప్లాస్టిక్కు అంత బరువు తూగదు కాబట్టి మోడల్‌లో ట్రాకు గొలుసు చక్రాల మీద బరువుగా కుంగదు, గాలిలో తేలుతుంది. ఆ కుంగుని చేత్తో తెప్పించాలి. రంగుదీ అదే కథ. అడుగు దూరం నుంచి మోడల్ చూస్తున్నామంటే అసలు ట్యాంకుని 35 అడుగుల నుంచి చూస్తున్నట్టు. అంత దూరంలో గాలి రంగుని కొంచెం పాలిపోయేలా చేస్తుంది. అసలు డబ్బాలోని పెయింటే తెచ్చి వేసినా మోడల్ మీద అది మరీ ముదురుగా కనిపిస్తుంది. మళ్లీ తాత స్కేలే. నిజం కనిపించాలంటే అంకెని కదిలించక తప్పదు, ఎంత కదిలించాలో తెలిసి కదిలించాలి.

నాకు ఎంతో ఇష్టమైన పని టరెట్. అది మా పనే కాబట్టి. టి-55 టరెట్ పోత ఉక్కు, అమెరికా షెర్మన్ ట్యాంకు టరెట్ పోత ఉక్కు. పోత పోసిన ఉక్కు ముఖం ఎలా ఉంటుందో ఫౌండ్రీ తలుపు దాటిన ఎవరికైనా తెలుసు. ఇసుక గరుకు ఉంటుంది, రెండు అచ్చు పెట్టెలు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది, ఆ గీతని గ్రైండరు పెట్టి అరగదీసిన మరక ఉంటుంది. కిట్టులో అది నున్నగా వస్తుంది. పుట్టీ పలచగా పూసి, అరిగిన టూత్‌బ్రష్షుతో పొడిచి, ఆరాక కొంచెం రుద్దితే ఆ గరుకు వస్తుంది. షెర్మన్ టరెట్ల మీద ఫౌండ్రీ గుర్తులు, పోత నంబర్లు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. మా షెడ్డులో పాట్రన్ మీద చిన్న లోహపు అక్షరాలు అతికిస్తాం. అవి ఇసుకలో గుంటలై, పోతలో మళ్లీ ఉబ్బుతాయి. అమెరికాలో ఎక్కడో ఒక ఫౌండ్రీలో మా తాత లాంటివాడే ఎవరో ఆ షెర్మన్ అక్షరాలను వరసగా అతికించి ఉంటాడు. కిట్టు ఫ్రేము మీద కంపెనీవాళ్లు వేసిన బుల్లి అంకెల్ని బ్లేడుతో ఒలిచి టరెట్ మీద అంటించేటప్పుడు నేను ఆ పనివాణ్ణే తలుచుకుంటాను. చాలామంది ఆ నంబర్లు వదిలేస్తారు. నేను వదలను.

ఎవరు చూస్తారు ఇవన్నీ, అని అడుగుతారు. అడగడం న్యాయమే. దానికి జవాబు నాకు ఒక దసరా బొమ్మల కొలువులో దొరికింది.

మా వైపు తెలుగు ఇళ్లల్లో కొలువు మెట్ల కింద నేల మీద పిల్లలు పార్కు పెడతారు. ఆవాలు చల్లి మొలకెత్తించి పచ్చిక చేస్తారు, అద్దం పెట్టి చెరువు చేస్తారు. 1999లో కార్గిల్ యుద్ధం అయ్యాక వచ్చిన దసరాకి మా వీధి పిల్లలు కొండలు కట్టారు. గోనెపట్టాకి మట్టి మెత్తి, పైన సుద్ద చల్లి మంచు చేశారు. శిఖరం మీద మూడు రంగుల జెండా, దాని పక్కన ఒక ఆటబొమ్మ ట్యాంకు. చూడ్డానికి బాగుంది. పేరంటానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆర్టిలరీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన మా వీధి చివర ఉండేవాడు. ఆయన వచ్చి, చాలాసేపు చూసి, పిల్లల్ని దగ్గరికి పిలిచి, "అక్కడికి ట్యాంకు పోలేదు కన్నా, ఆ కొండ మనవాళ్లు చేతుల్తో పట్టుకుని ఎక్కారు" అన్నాడు. మా అత్త పిల్లల తరఫున, "ట్యాంకు లేకపోతే పిల్లలకి యుద్ధం అనిపించదు అన్నా" అంది. ఆయన కోపం తెచ్చుకోలేదు. ట్యాంకుని తీసి మెట్టు మీద పెట్టి, అగ్గిపెట్టె, పెన్ను రీఫిల్లు అడిగి తీసుకుని, కొండ కింద రోడ్డు పక్కన ఒక బోఫోర్స్ ఫిరంగి చేశాడు. గొట్టం బాగా పైకి ఎత్తి పెట్టాడు. ఎందుకంత ఎత్తు అని ఒక పిల్ల అడిగింది. గుండు కొండ ఎక్కి దిగాలి కదమ్మా అన్నాడు.

ఆ శిఖరం మీద ట్యాంకు పెట్టడం వల్ల ఎవరికి నష్టం? ఆ కొండని చేతుల్తో ఎక్కినవాడికి నష్టం. ట్యాంకు పెట్టిన మరుక్షణం అతని కష్టం మాయమైపోతుంది. తప్పు మోడల్ ఎప్పుడూ ఎవరో ఒకరి శ్రమని చెరిపేస్తుంది. ఎవరూ చూడకపోయినా నాకు ఈ పట్టింపు ఉండడానికి కారణం ఇదే.

అదే కొండల్లో, అదే దారిలో, ఇంకో తేదీన ట్యాంకు నిజం. శ్రీనగర్ నుంచి ద్రాస్‌కీ కార్గిల్‌కీ వెళ్లాలంటే జోజీలా కనుమ దాటాలి. సుమారు 3,500 మీటర్ల ఎత్తు. 1948 కాశ్మీర్ యుద్ధంలో ఆ కనుమ శత్రువు చేతిలో ఉంది, లేహ్‌కి దారి తెగిపోయింది. కాల్బలంతో చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. అప్పుడు జనరల్ తిమ్మయ్య నాయకత్వంలో ఎవరూ ఊహించని పని చేశారు. 7వ లైట్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకులను, టరెట్లు ఊడదీసి, గుట్టుగా శ్రీనగర్‌కీ అక్కణ్ణుంచి కనుమ కింద ఉన్న బాల్తాల్‌కీ చేర్చి, 1948 నవంబరు 1న కనుమ ఎక్కించారు. మంచులో, అంత ఎత్తున ట్యాంకుని చూస్తామని అవతలివాళ్లు కలలో కూడా అనుకోలేదు. కనుమ మన చేతికి వచ్చింది. లెఫ్టినెంట్ కల్నల్ రాజిందర్ సింగ్ 'స్పారో' ఆ దళానికి కమాండర్.

తెలుగువాళ్లకు ఇందులో ఒక సొంత సంగతి ఉంది. ఆ 7వ లైట్ కావల్రీ 1784లో మద్రాసు గుర్రపు దళంగా మన గుంటూరులో పుట్టింది. గుర్రాల మీద మొదలైన ఆ దళమే నూట అరవై ఏళ్ల తర్వాత హిమాలయాల మీదికి ట్యాంకులెక్కించింది. ఇంకోటి. బాల్తాల్ నుంచి కనుమ దాకా ఉన్నది కంచరగాడిదల బాట. దాన్ని ట్యాంకు పట్టేంత వెడల్పు చేసింది మద్రాస్ సాపర్లు, అంటే సైన్యపు ఇంజనీరింగు దళం. తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ ఊళ్ల కుర్రాళ్లు. మంచు చూసి ఎరగని దేశం నుంచి వెళ్లి, శత్రువు కాల్పుల కింద ఆ కొండ అంచుని తొలిచి దారి వేశారు.

జోజీలా మోడల్ చేసేవాళ్లు స్టూవర్ట్ ఏ రకమని చాలా వెతుకుతారు. వెతకాలి కూడా. ఎం5 అయితే లోపల రెండు క్యాడిలాక్ కారు ఇంజన్లు ఉంటాయి కాబట్టి టరెట్‌కి వెనక ఉన్న ఇంజను పైకప్పు మెట్టులా ఎత్తుగా లేస్తుంది. ఎం3 రకాల్లో విమానం ఇంజను ఉంటుంది, ఆ మెట్టు ఉండదు. ఆ ట్యాంకు ఫిరంగి 37 మిల్లీమీటర్లది, మోడల్‌లో రంధ్రం ఒక మిల్లీమీటరు చిల్లర. ఆ రంధ్రం సూదితో సరిగ్గా నడిమధ్యన తొలచడానికి పడే పాట్లు నాకు తెలుసు. కానీ ఇంత చేసి, ట్యాంకుని తెల్లటి బల్ల మీద ఒంటరిగా నిలబెడితే నా దృష్టిలో అది సగం మోడల్. పక్కన పార పట్టిన సాపరు ఉండాలి. కొత్తగా కొట్టిన రాతి ముఖం ఉండాలి, అది పాతరాయి కంటే లేతగా, వాడిగా ఉండాలి. ట్రాకుకీ అంచుకీ మధ్య ఎంత తక్కువ చోటు ఉందో చూసినవాడికి గుండె ఝల్లుమనాలి. ఆ వెడల్పే ఆ రోజు జరిగిన అసలు సంగతి. నేను చేసిన జోజీలాలో ట్యాంకు కంటే దారికే ఎక్కువ చోటిచ్చాను.

1965 సంగతి ఇంకో రకం. ఆ ఏడు సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు వచ్చి పడ్డాయి. మనవైపు 3వ కావల్రీ సెంచూరియన్లు, 8వ కావల్రీ ఏఎంఎక్స్-13లు, డెక్కన్ హార్స్ షెర్మన్లు. ఈ డెక్కన్ హార్స్ కూడా నిజాం కొలువులో పుట్టిన దళమే. ప్యాటన్లు కాగితం మీద మన షెర్మన్ల కంటే ఎన్నో రెట్లు గొప్పవి. కాలువలకు గండి కొట్టి పొలాలు తడిపేస్తే ఆ బరువైన ట్యాంకులు బురదలో దిగబడ్డాయి. నిలువెత్తు చెరుకు తోటల్లో మనవాళ్లు కనిపించకుండా కాచుకున్నారు. హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల తుపాకితో ప్యాటన్లను ఒక్కొక్కటిగా కొట్టి, సెప్టెంబరు 10న ప్రాణం ఇచ్చాడు. ఈ యుద్ధాన్ని మోడల్ చేస్తే మొదట సరిగ్గా చెయ్యాల్సింది చెరుకు. మనిషిని మించిన చెరుకు ముప్పై అయిదో వంతులో ఆరేడు సెంటీమీటర్లు, అంటే సెంచూరియన్‌ని టరెట్ దాకా ముంచేస్తుంది. అడుగున నీళ్లు. ఇవి లేకుండా ప్యాటన్‌నీ జీపునీ ఎదురెదురుగా పెడితే, ఆ జీపు ఎలా గెలిచిందో చూసేవాడికి ఎప్పటికీ అర్థం కాదు. విచిత్రం ఏమిటంటే, ఖేమ్‌కరణ్‌లో ఎం47 ప్యాటన్లు కాలిపోయిన ఆ 1965లోనే, స్పెయిన్‌లో షూటింగు జరుపుకున్న 'బ్యాటిల్ ఆఫ్ ది బల్జ్' అనే హాలీవుడ్ సినిమాలో అవే ఎం47లు జర్మన్ కింగ్ టైగర్లుగా నటించాయి. ఎందరో ఆ సినిమా చూశారు. కింగ్ టైగర్ అంటే అలాగే ఉంటుందనుకున్న తరం ఒకటి ఉంది.

జర్మన్ ట్యాంకుల విషయంలో ఆ పొరపాట్లు ఇవాళ నిలబడవు. ముదురు పసుపు రంగు 1943 ఫిబ్రవరిలో వచ్చిందని ప్రతి మోడల్ పనివాడికీ తెలుసు. అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా పూసిన జిమ్మెరిట్ పూత 1943 రెండో సగంలో మొదలై 1944 సెప్టెంబరులో ఆగిపోయిందనీ తెలుసు. 1943 జులై కుర్స్క్ యుద్ధపు టైగర్ మీద ఆ పూత కనిపిస్తే వెంటనే పట్టేస్తారు. ఓడిపోయిన సైన్యం ట్యాంకులకు ఇంత శ్రద్ధ దొరికింది. మన సెంచూరియన్లకూ విజయంతలకూ అందులో పదో వంతైనా దొరకాలని నా కోరిక. విజయంతని 1965 నుంచి ఆవడిలో మనమే తయారుచేశాం. కోయంబత్తూరు నుంచి చెన్నైకి రైల్లో పోయే ప్రతివాడూ ఆ ఊరు దాటే పోతాడు. అర్జున్ ట్యాంకు కవచానికి కంచన్ అనే పేరు హైదరాబాద్ కంచన్‌బాగ్ మీదుగా వచ్చింది, దాన్ని రూపొందించిన లోహశాస్త్ర ప్రయోగశాల అక్కడే ఉంది. ఇన్ని చేతులు పడ్డ ఈ ఇనుముకి మన పిల్లల బల్లల మీద చోటు లేదు.

మన ఊళ్ల కూడళ్లలో, కాలేజీల గేట్ల దగ్గర నిలబెట్టిన ట్యాంకులు ఉన్నాయి కదా, అవి చూసి చేసుకోవచ్చు కదా అంటారు. నిజమే, అవి గొప్ప ఆస్తి. కానీ వాటికి ఏటేటా ఆగస్టుకి ముందు ఎనామిల్ పెయింటు కొడతారు. ముదురు ఆకుపచ్చ, దాని మీద మెరుపు, చక్రాల రబ్బరుకి నలుపు, గొట్టం కొసకి ఎరుపు. పాత నంబరు, దళం గుర్తు అన్నీ ఆ పొరల కింద పూడిపోతాయి. పెయింటు పనివాణ్ణి తప్పుపట్టను, అతనికి ఎవరూ చెప్పలేదు. కొట్టే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి పెట్టుకుంటే చాలు. ఉబ్బెత్తు నంబరు ఉంటే దాని మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే చాలు. ఆ చిన్న పని వల్ల ఆ ట్యాంకు ఏ యుద్ధంలో, ఎవరి చేతిలో ఉందో చెప్పగలిగే రోజు రావచ్చు.

రూపాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. మా అమ్మ పుట్టిల్లు మధుర పక్క పల్లె. సెలవులకు వెళ్లినప్పుడల్లా మీనాక్షి గుడి తూర్పున ఉన్న పుదుమండపానికి వెళ్లేవాణ్ణి. దర్జీల కుట్టు మిషన్ల చప్పుడు మధ్య, గుడ్డల మూటల వెనక, నాయక రాజులు స్తంభాలకి ఆనుకుని చేతులు జోడించి నిలబడి ఉండేవారు. విశ్వనాథ నాయకుడి నుంచి ఆ మండపం కట్టించిన తిరుమల నాయకుడి దాకా. శిల్పి తిరుమల నాయకుడి బొజ్జని దాచలేదు. డబ్బిచ్చి చెక్కించినవాడు ఆయనే, అయినా దాచలేదు. నడుముకి దోపిన బాకు పిడి, తలపాగా చుట్టు, చెవిపోగుల బరువుకి సాగిన తమ్మె, అన్నీ అక్కడ ఉన్నాయి. పదిహేడో శతాబ్దపు తెలుగు దొర ఎలా తయారయ్యేవాడో తెలుసుకోవాలంటే ఇవాళ్టి పరిశోధకులు ఆ రాళ్లనే చూస్తారు. ఆ శిల్పి బొజ్జని లోపలికి లాగి, అందరికీ ఒకే బాకు పెట్టి ఉంటే, మనకి పదిమంది దేవుళ్లు మిగిలేవాళ్లు కానీ ఒక్క మనిషీ మిగిలేవాడు కాదు. మధుర పక్కనే విళాచ్చేరిలో మట్టిబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల చేతుల్లో ఆ చూపు ఇంకా ఉంది. జోజీలా సాపర్లకు చలికోటు మడతలు ఎలా తీర్చాలో నాకు వాళ్లలో ఒకాయనే చూపించాడు.

కిట్టులూ పుస్తకాలూ డబ్బు పెడితే దొరుకుతాయి. దొరకనివి మన ఇళ్లల్లో ఉన్నాయి. కోయంబత్తూరు, మధుర, తేని, రాజపాళయం వైపు తెలుగు ఇళ్లల్లో సైన్యంలో చేసిన తాతలు, చిన్నాయనలు, మామలు ఎందరో. కొందరు సాపర్లు, కొందరు ట్యాంకు దళాల్లో డ్రైవర్లు, మెకానిక్కులు. వాళ్ల ట్రంకుపెట్టెల్లో ఫోటోలు ఉన్నాయి. ట్యాంకు ముందు నలుగురు నవ్వుతూ నిలబడ్డ ఫోటోలు. మీకు ఆ నవ్వులు ముఖ్యం. నాలాంటివాడికి వాళ్ల వెనక కనిపించే మడ్‌గార్డు వంపూ, గొట్టం మీద ఉబ్బూ కూడా ముఖ్యం. ఆ పెద్దవాళ్లు ఉండగానే దగ్గర కూర్చుని అడగండి: ఇది ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ దళం, పక్కన ఉన్నవాళ్లు ఎవరు. చెప్పింది చెప్పినట్టు ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ను వాడకండి, దాని ఒత్తిడి ముందువైపు ముఖాల మీద గీతలై లేస్తుంది.